పోయెదనని పోని కుమారుడు

మా కార్యాలయమునకు దినదినము శ్రోతల జాబులు వచ్చుచుండును. ఒకరు పాట కోరుదురు. ఒకరు పాడిపంటల కార్యక్రమము వేళ మార్చుమందురు. మరియొకరు మా ఉచ్చారణలోని తప్పును పట్టుకొని చక్కగా మందలింతురు. మందలించిన జాబునకు కూడ చివర నుండు మాట ఒక్కటే: "ఇట్లు, తమ విధేయుడు." ఆ మాటను చూచినప్పుడెల్ల మాకు చిరునవ్వు వచ్చును. వ్రాసినవారు మాకు విధేయులు కారు. కావలసిన పనియు లేదు. మేమును పై అధికారులకు వ్రాయునప్పుడు ఆ మాటనే వ్రాయుదుము. వ్రాసి, సంతకము చేసి, మరచిపోవుదుము.

పలుకుటకు తేలికయై, బ్రతుకుటకు కష్టమైన మాటలు కొన్ని కలవు. విధేయత అట్టి మాట. పశ్చాత్తాపము అట్టి మాట. నీతియు అట్టి మాటయే. ఈ మూడింటిని గురించి క్రైస్తవ ధర్మము ఏమి బోధించుచున్నదో ఈ పూట కొంత ముచ్చటింతము. ఇందుకు మనము యెరూషలేము వరకు పోవుదుము గాని, బయలుదేరుట మాత్రము ఘనపురము నుండియే.

సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు రైలు మార్గమున జనగామ దాటిన పిమ్మట ఘనపురము వచ్చును. ఇదే పేరుగల ఊరు భూపాలపల్లి వైపున మరియొకటి కలదు. కాకతీయుల కాలపు కోటగుళ్ళు ఉన్నది అచ్చట. రెంటిని వేరుచేసి చెప్పుటకై జనగామ వైపు దానిని స్టేషన్ ఘనపురమందురు. ఒక ఘనపురమునకు గుడి గురుతు. ఒక ఘనపురమునకు రైలు గురుతు.

ఈ స్టేషన్ ఘనపురము చుట్టుపట్ల పల్లెలలో, నిజాము పాలన నాడు, పెద్దల నోట విని పిల్లలు నేర్చుకొన్న మాట ఒకటి కలదు. "బాంచను దొరా, కాల్మొక్త." అనగా నీకు బానిసను, నీ కాళ్ళు మ్రొక్కెదనని అర్థము. అది మర్యాద కొరకు పుట్టిన మాట కాదు. వెట్టిచాకిరి నుండి పుట్టిన మాట. చాకలి గడిలో బట్టలుతుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, మాదిగ చెప్పులు కుట్టి ఈయవలెను, మాల మూటలు మోయవలెను, కబురులు చేరవేయవలెను. కూలి అడుగరాదు. తన చేను ఎండుచున్నను దొర చేనికే ముందుగా పోవలెను. "చిత్తము దొరా" అను మాట తప్ప వేరు మాట నోట రారాదు.

ఆ "చిత్తము" ఎంతకాలము నిలిచినదో మనకు తెలియును. ఈనాటి జనగామ జిల్లాలోనిదే యైన కడవెండిలో 1946 జులై 4వ తేదీన దొడ్డి కొమరయ్య తుపాకి గుండు తగిలి ప్రాణము విడిచెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు దున్నుచున్న భూమిని, పండించిన పంటను విడువనని దేశముఖునకు ఎదురు నిలిచెను. తరతరములుగా "చిత్తము" అనుచు వచ్చిన నేల యొక్కసారిగా "కాదు" అనెను. ఇన్నేండ్ల "చిత్తము"లో విధేయత ఎంత, భయమెంత అని అప్పుడు లెక్క తేలినది.

ఇట్టి నేలకు క్రైస్తవ బోధ వచ్చినది. 1879లో అమెరికా బాప్టిస్టు మిషనువారు హనుమకొండలో పని ప్రారంభించిరి. 1909లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య అను తమిళుడు, ఈనాటి మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలునకు వచ్చెను. ఆయన తిరునల్వేలి జిల్లాలో 1874లో జన్మించెను. తండ్రి ఒక పల్లెటూరి క్రైస్తవ గురువు. తిరునల్వేలి క్రైస్తవులు తమ సొమ్ముతో తామే పరప్రాంతమునకు బోధకులను పంపవలెనని 1903లో ఏర్పరచుకొన్న సంఘము తరఫున, తెలుగు నేర్చుకొని, ఆయన ఇచ్చట పనిచేసెను. ఈ బోధలను విని బాప్తిస్మము పొందినవారిలో పెక్కుమంది మాలలు, మాదిగలు. ఆనాడు ఊరి బయట నుంచబడినవారు.

ఇచ్చట మన ముందు ఒక చిక్కు ప్రశ్న నిలుచును. దానిని దాటిపోవుట న్యాయము కాదు. అప్పటికే వంగి వంగి నడుము విరిగినవానితో, "విధేయుడవు కమ్ము" అని చెప్పుటలో ధర్మమేమున్నది? వానికి అది ఒక దొరను విడిచి మరియొక దొరను పట్టుకొమ్మని చెప్పినట్లుండదా? పశ్చాత్తాపపడవలసినది ఎవరు, గడిలో నున్నవాడా, గడి ముందర నిలిచినవాడా?

దీనికి జవాబు యేసు చెప్పిన ఒక చిన్న కథలో కలదు. మత్తయి సువార్త దానిని మనకు భద్రపరచినది.

ఒక తండ్రికి ఇద్దరు కుమారులు. ద్రాక్షతోటలో పని యున్నది. తండ్రి మొదటివాని యొద్దకు పోయి పనికి పొమ్మనెను. వాడు పోనని మొగము మీదనే చెప్పెను. కాని తరువాత మనస్సు మార్చుకొని పోయెను. రెండవవానితోను తండ్రి అట్లే చెప్పెను. వాడు ఎంతో మర్యాదగా "అయ్యా" అని పిలిచి, పోయెదననెను, పోలేదు. ఈ ఇద్దరిలో తండ్రి ఇష్టమును నెరవేర్చినవాడు ఎవడని యేసు అడిగెను. వినుచున్నవారు మొదటివాడే అని ఒప్పుకొనిరి. ఒప్పుకొనిన ఆ మనుష్యులు ఎవరనుకొన్నారు? యెరూషలేము దేవాలయపు ప్రధాన యాజకులు, పెద్దలు. వారికంటె ముందుగా సుంకరులును వేశ్యలును దేవుని రాజ్యమున ప్రవేశింతురని ఆయన అక్కడనే చెప్పెను. తాము చెప్పిన తీర్పు తమ మీదనే పడినది.

ఈ కథలో మనము తరచుగా గమనింపని విషయము ఒకటి కలదు. "పోను" అన్న కుమారుని తండ్రి కొట్టలేదు. కూడు మాన్పలేదు. ఇంటి నుండి వెళ్ళగొట్టలేదు. చెప్పవలసినది చెప్పి ఊరకుండెను. "కాదు" అనుటకు కుమారునికి చోటున్నది. అందుచేతనే తరువాత వాడు పోవుటకు విలువ కలిగినది. "కాదు" అనుటకు వీలులేని చోట "ఔను" అను మాట వట్టి చప్పుడు. గడి ముందర పలికిన "చిత్తము దొరా" అట్టి చప్పుడే. ఆ మాట పలికినవాడు లోపల తిట్టుకొనుచు ఉండవచ్చును. కాని వానికి ఆ అబద్ధమును నేర్పినది కొరడా. ఆ పాపములో పెద్ద పాలు కొరడా పట్టినవానిదే.

కనుక క్రైస్తవ ధర్మము చెప్పు విధేయత వెట్టివాని వినయము కాదు. తండ్రి తోట తన తోటయే అని తెలిసికొని కుమారుడు చేయు పని. యేసు తన శిష్యులను ఇకమీదట దాసులనక స్నేహితులని పిలిచెనని యోహాను సువార్త చెప్పుచున్నది. ఆయన విధేయత సయితము ఇట్టిదే. గెత్సేమనే తోటలో, పట్టువడిన రాత్రియే, అంతకు కొంత ముందు, తనకు రానున్న శ్రమ తొలగిపోవలెనని ఆయన తండ్రిని వేడుకొనెను. బాధతో నేలబడి ప్రార్థించెను. పిమ్మట తండ్రి ఇష్టమునకు తన్ను తాను అప్పగించుకొనెను. ఇష్టములేని మాటను దాచి తలయూపుట విధేయత కాదు. ఉన్న మాట చెప్పుకొని, అర్థము చేసికొని, అప్పుడు లేచి నడచుట విధేయత.

డోర్నకలు వచ్చిన మరుసటి సంవత్సరము, 1910లో, అజరయ్య స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ప్రసంగించెను. సభలో నిండినవారు చాల మట్టుకు పాశ్చాత్యులు. వారి త్యాగమును ఆయన కాదనలేదు. కాని వారు దేశీయ క్రైస్తవులతో కలిసి మెలిసి బ్రతుకుటలేదని, పోషకులుగా గాక స్నేహితులుగా రావలెనని నిర్భయముగా చెప్పెను. ఆ మాట కొందరికి రుచింపలేదు. అయినను, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషపుగా అభిషేకింపబడిన ఆ అజరయ్యయే ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషపు. పెద్దల ముందర నిజము పలుకుట అవిధేయత కాదని ఆయన జీవితమే సాక్ష్యము.

విధేయత గురించి ఇంతవరకు చెప్పుకొంటిమి. పోనన్న కుమారుడు తరువాత పోయెను గదా. ఆ నడుమ వానికి జరిగినదేమి? దానినే తెలుగు బైబిలు "మారుమనస్సు" అనుచున్నది. మనకు సాధారణముగా తెలిసిన మాట "పశ్చాత్తాపము". పశ్చాత్ అనగా తరువాత. తాపము అనగా మంట. చేయరాని పని చేసిన తరువాత లోపల పుట్టు మంట. ఈ మాట బాధను చక్కగా చెప్పును గాని, బాధపడినవాడు తరువాత ఏమి చేయవలెనో చెప్పదు. "మారుమనస్సు" అను మాట ఒక అడుగు ముందుకు పోవును. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలోని మూలపదమునకు ఆలోచన మారుటయని అర్థము. పాత నిబంధన భాషయైన హీబ్రూలోని పదమునకు మరలుట, వెనుకకు తిరిగి వచ్చుట అని అర్థము. త్రోవ తప్పినవాడు చెట్టు క్రింద కూర్చుండి ఎంత ఏడ్చినను ఇల్లు చేరడు. లేచి, తిరిగి, నడువవలెను.

ఈ మాట యొక్క అర్థము మీదనే ఐరోపాలో ఒక గొప్ప కలకలము పుట్టినది. పాపక్షమాపణ పత్రములను సొమ్మునకు పంచుచున్న కాలమున, 1517లో, జర్మనీ దేశపు విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథరు 95 ప్రతిపాదనలను ప్రకటించెను. వానిలో మొట్టమొదటిది మారుమనస్సును గురించినదే. అది ఒకనాడు చెల్లించి రసీదు తీసికొను పన్ను కాదనియు, విశ్వాసి బ్రతుకంతయు మారుమనస్సుగా నుండవలెననియు దాని తాత్పర్యము.

అయితే మరలుట యనగా ఏమి? ఎటు మరలవలెను? లూకా సువార్తలో బాప్తిస్మమిచ్చు యోహాను యొద్దకు వచ్చిన జనులు సరిగా ఈ ప్రశ్ననే అడిగిరి. ఆయన వారిని ఉపవాసముండుమనలేదు, అడవికి రమ్మనలేదు. రెండు అంగీలున్నవాడు లేనివానికొకటి ఈయవలెననెను. సుంకరులు వచ్చి అడుగగా, నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ వసూలు చేయవద్దనెను. సైనికులు అడుగగా, ఎవనిని బెదిరించి గుంజుకొనవద్దనియు, జీతముతో తృప్తిపడుమనియు చెప్పెను. చూచితిరా! ఎవని మారుమనస్సు వాని చేతిపనిలోనే ఉన్నది. గుమాస్తా మారుమనస్సు అతని చిట్టాలో కనబడవలెను. వ్యాపారి మారుమనస్సు అతని మానికలో కనబడవలెను.

ఒక ధాన్యపు వ్యాపారి ఉన్నాడనుకొందము. కొనుటకొక మానిక, అమ్ముటకొక మానిక అతని కొట్టులో కలవు. ఆషాఢమున ఒక బస్తా అప్పిచ్చి పంటనాడు ఒకటిన్నర కొలుచుకొనును. ఒక పండుగనాడు పురాణము వినియో, ప్రసంగము వినియో అతని కన్నులు చెమర్చును. ఆ కన్నీరు నిజమైనదే. మరునాటి ఉదయమున కొట్టు తెరచినప్పుడు అతడు ఏ మానిక చేతబట్టును? అతని కన్నీటికి పరీక్ష అచ్చటనే. తప్పుడు మానికను విరిచిపారవేసిన, మారుమనస్సు మొదలైనది. ఎక్కువ కొలుచుకొన్న గింజలను ఎవని ఇంటికి వానికి పంపిన, అది పూర్తియగు త్రోవలో నున్నది.

ఇట్లు చేసినవాడు ఒకడు లూకా సువార్తలో కలడు. వాని పేరు జక్కయ్య. యెరికో పట్టణమున సుంకపు గుత్తదారు, ధనవంతుడు, పొట్టివాడు. త్రోవన పోవుచున్న యేసును చూచుటకు చెట్టెక్కెను. యేసు తలయెత్తి చూచి, ఆ దినము అతని ఇంటనే దిగవలసియున్నదనెను. ఊరివారు సణుగుకొనిరి. జక్కయ్య లేచి నిలువబడి, తన ఆస్తిలో సగము బీదలకిచ్చెదననియు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లింతుననియు చెప్పెను. ఇచ్చట వరుస గమనింపవలెను. డబ్బు తిరిగి ఇచ్చిన పిమ్మట యేసు అతని ఇంటికి పోలేదు. ముందు పోయెను, పిమ్మట చేతులు తెరువబడెను. క్షమ కొనుగోలు వస్తువు కాదు. కాని క్షమ నిజముగా లోపలికి వచ్చిన ఇంట ఇనుపపెట్టె మూసియుండదు.

ఇది ఒక్క మతమువారి సొత్తు అని మేము చెప్పబోము. ఘనపురమునకు పెద్ద దూరము కానిదే పాలకుర్తి దగ్గరి బమ్మెర. అది భాగవత కవి పోతన ఊరని ఆ ప్రాంతమువారి నమ్మకము. పోతన పేరుతో ప్రసిద్ధమైన ఆ భాగవతములో ఆరవ స్కంధమును ఏర్చూరి సింగన తెనిగించెను. అజామిళుని కథ అందులోనిది. చాలమంది ఆ కథను సగమే చెప్పుదురు: మరణకాలమున కుమారుని పిలిచినను నారాయణ నామము పలికినందున గట్టెక్కెనని. కాని కథ అంతటితో ఆగలేదు. యమపాశము తప్పిన పిమ్మట అజామిళుడు తన వెనుకటి బ్రతుకును తలచుకొని కుమిలిపోయి, అన్నిటిని విడిచి గంగాద్వారమునకు పోయి, మిగిలిన ఆయువును తపస్సున గడపెను. ముందు దయ, తరువాత మరలుట; ఇచ్చటను వరుస అదే.

గ్రంథములలోని కథలు సరే, మన కాలమున, మన నేల మీద జక్కయ్యలు కలరా యని ఎవరైన అడుగవచ్చును. 1951 ఏప్రిల్ 18వ తేదీన, ఆనాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో, ఊరి హరిజనులు వినోబా భావే ముందు నిలిచి, బ్రతుకుటకు 80 ఎకరముల భూమి కావలెనని అడిగిరి. ఇచ్చువారెవరైన కలరా యని వినోబా అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇచ్చెదననెను. అడిగినది 80, ఇచ్చినది 100. జక్కయ్య లెక్కయు ఇట్టిదే; అడిగినదానికంటె అది ఎప్పుడును ఒక పాలు ఎక్కువగానే ఉండును. ఆ ఊరినుండి భూదానోద్యమము దేశమంతట వ్యాపించినది.

కాని కథ ఇంతటితో ముగియలేదని కూడ చెప్పవలెను. ఆ తరువాత దేశమున పలుచోట్ల సభలలో చప్పట్ల నడుమ దానముగా ప్రకటింపబడిన భూములలో కొన్ని సాగుకు పనికిరాని రాళ్ళనేలలు. కొన్ని ఎన్నడును పేదవాని చేతికి చేరలేదు. సభలో లేచి "ఇచ్చెదను" అన్నవారందరు ఇచ్చినవారు కారు. ద్రాక్షతోట రెండవ కుమారుడు మన దేశమునను పుట్టినాడు. ఎంతో మర్యాదగా పోయెదనని చెప్పి, పోలేదు.

ఇక మూడవ మాట, నీతి. ఇది మిగిలిన రెంటికంటె మెత్తని ఉచ్చు. దొంగకు తాను దొంగయని తెలియును. నీతిమంతునికి తన నీతియే కండ్లకు గంతలు కట్టును. యేసు చెప్పిన మరియొక కథలో ఇద్దరు ప్రార్థనకై దేవాలయమునకు పోదురు. పరిసయ్యుడు తన ఉపవాసములను, తాను చెల్లించిన దశమభాగములను ఏకరువు పెట్టి, తాను ఆ సుంకరివంటివాడను కానందుకు దేవునికి వందనములు చెప్పెను. సుంకరి దూరముగా నిలిచి, తలయెత్తలేక, రొమ్ము కొట్టుకొని కరుణింపుమని వేడెను. నీతిమంతుడుగా ఇంటికి మరలినవాడు సుంకరియే అని యేసు తీర్పు చెప్పెను. ఈ కథను విని, తాము ఆ పరిసయ్యునివంటివారము కామని తృప్తిపడినవారు ఎందరో! మేమును ఆ తృప్తి అనుభవించినవారమే. అట్లు తృప్తిపడిన క్షణముననే మనము పరిసయ్యుని ప్రక్కకు చేరుదుము.

తప్పిపోయిన కుమారుని కథలోను ఇదే యున్నది. చిన్నవాడు ఆస్తి పాలు తీసికొనిపోయి తగులబెట్టి, పందులు మేపి, ఆకలికి తాళలేక ఇంటికి మరలెను. కుమారుడుగా కాదు, కూలివానిగానైన పెట్టుకొనుమని అడుగవలెనని త్రోవ పొడవున మాటలు కూర్చుకొనుచు వచ్చెను. తండ్రి ఎదురుగా పరుగెత్తి కౌగిలించుకొని, ఆ కూలి మాట నోట రాకమునుపే మంచి వస్త్రము తెప్పించెను. ఆ తండ్రికి కూలివాడు అక్కరలేదు, కుమారుడు కావలెను. ఇంటనే యున్న పెద్దవాడు కోపగించి లోపలికి రాలేదు. ఇన్నేండ్లు చాకిరి చేసితిననియు, ఏనాడును ఆజ్ఞ దాటలేదనియు, తనకొక మేకపిల్లనైన ఈయలేదనియు అనెను. ఇల్లు విడిచి పోనివాడు, మాట జవదాటనివాడు, అయినను ఇన్నేండ్లు తన తండ్రి ఇంట వెట్టివానివలె బ్రతికినాడు! కూలి లెక్క కట్టుకొనుచు చేసిన విధేయత, తమ్ముడు వచ్చిన దినమున అసూయయై బయటపడినది.

ఈ పరీక్ష క్రైస్తవ సంఘమును కూడ విడువలేదు. 1930వ దశకములో గాంధీ మహాత్ముడు సామూహిక మత మార్పులను ప్రశ్నించెను. బోధకంటె బ్రతుకు పరిమళమే చాలుననెను. అజరయ్య ఆ విషయమున మహాత్మునితో ఏకీభవింపలేదు. పేదవాడు తన విశ్వాసమును తానే ఎన్నుకొనగలడని ఆయన పట్టు. కాని బ్రతుకు మారవలెనను మాటలో ఇద్దరికిని భేదము లేదు. అజరయ్య తన ప్రజలకు త్రాగుడు మానుమని, ఉన్నదానిలో ఇతరులకిమ్మని విసుగులేక బోధించెను. వంట బియ్యములో ప్రతిపూట ఒక పిడికెడు వేరుగా తీసి సంఘమునకిచ్చు ఆచారము తెలుగు క్రైస్తవుల ఇండ్లలో నిలిచినది. ఇది పుచ్చుకొనుటయే తప్ప ఇచ్చుట తెలియదని లోకము తలచినవారి చేతి పిడికెడు.

అయినను, ఊరి బయటి గోడలు కొన్ని గుడి లోపలికి కూడ వచ్చినవి. ఒకే క్రీస్తు పేర బాప్తిస్మము పొందిన మాలలు, మాదిగలు కొన్ని పల్లెలలో వేరు వేరు ప్రార్థన మందిరములు కట్టుకొనిరి. పెండ్లి మాట వచ్చినప్పుడు పాత కులము మరల తలయెత్తినది. దీనిని దాచి ఏ నీతి ప్రసంగము చేసినను అది రెండవ కుమారుని "అయ్యా" వంటిదే యగును. డోర్నకలులో 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన పెద్ద దేవాలయమును చూచిన, అందులో గుమ్మటములు కలవు, మినారులు కలవు, మన మండపములను తలపించు స్తంభములు కలవు. మూడు మతముల శిల్పరీతులు ఒక కప్పు క్రింద ఇమిడినవి. రాళ్ళు ఇమిడినంత తేలికగా మనుష్యులు ఇముడుట లేదు. అజరయ్య 1945 జనవరి 1వ తేదీన కన్నుమూసి ఆ డోర్నకలులోనే సమాధి చేయబడెను. ఆయన మిగిల్చిపోయిన పనులలో ఇది యొకటి.

కొండమీది ప్రసంగములో యేసు చెప్పిన మాట ఒకటి గుడికి పోవు ప్రతివానిని నిలువబెట్టి అడుగును. బలిపీఠము ముందర కానుక అర్పించుచున్నప్పుడు, సహోదరునికి తన మీద ఏదో కోపమున్నదని జ్ఞాపకము వచ్చిన, కానుకను అచ్చటనే విడిచి, ముందు పోయి వానితో సమాధానపడి, పిమ్మట వచ్చి అర్పింపవలెనని ఆయన బోధ. చూడుడు: పూజ సగములో ఆగవచ్చును, సమాధానము ఆగరాదు. మనకు అతని మీద ఏమున్నదని కాదు, అతనికి మన మీద ఏమున్నదని అడుగవలెను. ఈ తేడా చిన్నది కాదు. మనకు రావలసిన బాకీలు మనకు బాగుగా జ్ఞాపకముండును. మనము ఈయవలసినవే మరపునకు వచ్చును.

ఇప్పుడు మొదటి చిక్కు ప్రశ్నకు మరలివత్తము. పశ్చాత్తాపపడవలసినది గడిలోనివాడా, గడి ముందరివాడా? ఇద్దరును. కాని ఇద్దరి త్రోవ ఒకటి కాదు. గడిలోనివాడు దిగిరావలెను, తీసికొన్నది తిరిగి ఈయవలెను. గడి ముందరివాడు లేచి నిలువవలెను. భయముతో పలికిన అబద్ధపు "చిత్తము"ను విడిచి, తాను కూలివాడు కాక కుమారుడని తెలిసికొనవలెను. ఒకనికి వంగుట మారుమనస్సు. ఒకనికి నిటారుగా నిలుచుట మారుమనస్సు. ఇద్దరును కలిసికొను చోటు ఆ తండ్రి తోట.

గడులు ఈనాడు పాడుపడినవి, వెట్టి పోయినది, కనుక ఈ మాట మనకు కాదని అనుకొనరాదు. మన ఇండ్లలోను చిన్న గడులు కలవు. నెల దాటినను జీతమీయక రేపు రమ్మని త్రిప్పించుకొను పనిమనిషి కలదు. పొలము గట్టు జరిపి కలుపుకొన్న రెండడుగుల నేల కలదు. పంపకములో తక్కువ వచ్చినదని తెలిసియు తెలియనట్లున్న తమ్ముని వాటా కలదు. మన బల్లమీద కారణములేక నిలిచిపోయిన ఒక వితంతువు పింఛను కాగితము కలదు. వీరిలో ఎవరును మన ముందర నిలిచి "కాదు" అనలేరు. "చిత్తమండీ, రేపు వత్తును" అని పోవుదురు. ఆ "చిత్తము" వెనుక ఏమున్నదో కడవెండి, పాలకుర్తి మనకు చెప్పినవి.

ఈ ప్రసంగము ముగిసిన పిమ్మట మీరు రేడియో కట్టివేయుదురు. ఇంట నిశ్శబ్దముగా నుండును. ఆ నిశ్శబ్దములో ఎవరో ఒకరి మొగము జ్ఞాపకము రావచ్చును. ఉదయమున తప్పక పోయి ఆ మాట తేల్చివత్తమని మనస్సులో అనుకొందుము. ఆ మాట మంచిదే. కాని ఆ మాటతోనే మనస్సు తేలికపడి నిద్రపట్టిన, జాగ్రత్త! రెండవ కుమారుడును ఆనాడు హాయిగానే నిద్రపోయి యుండును.

ఇట్లు చెప్పుచున్న మేమును ఒక జాబు వ్రాయవలసియున్నది. చాల దినములుగా ఒక మిత్రునికి బాకీపడిన క్షమాపణ అది. ఎన్నిసార్లో వ్రాయుదమని తలచి వ్రాయలేదు. ఈ రాత్రి వ్రాసి రేపు తపాలాలో వేసెదము. వేసిన పిమ్మట గాని, చివర "విధేయుడు" అని సంతకము చేయుటకు మాకు అధికారము లేదు.